వరుసయు వ్యాఖ్యానమే: అమెరికా కావ్యగీతములు, మదనపల్లె నిదర్శనము

గేయమును చదువుట వేరు, వినుట వేరు. మన తెలుగు శాఖలలో గేయవాఙ్మయముపై జరుగు పరిశోధనలో అధికభాగము చదువుటతోనే ముగియుచున్నది. పదములు, అలంకారములు, ఛందస్సు, కవికాలము, రసము మొదలగు విషయములన్నియు చర్చింపబడును. ఆ గేయమునకు వరుస కట్టినవారెవరు, ఎప్పుడు కట్టిరి, ఆ వరుసవలన ఏ మాట ముందునకు వచ్చినది, ఏ మాట వెనుకకు పోయినది అను ప్రశ్నలు మాత్రము సంగీతశాఖకు అప్పగింపబడును. సంగీతశాఖవారు రాగతాళములను నిర్ణయించి మాటలను మనకు తిరిగి అప్పగింతురు. ఈ ఇచ్చిపుచ్చుకోలునందు గేయము ఎవరి సొత్తును కాక మిగులుచున్నది.

ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచినది ఒక్కటే. కవితకు వరుస కట్టుట ఆ కవితపై చేసిన వ్యాఖ్యానము. కాళిదాసునకు మల్లినాథుడెట్లో, కవితకు వరుసకర్త అట్లు. వ్యాఖ్యాతకు పేరును, కాలమును, అభిరుచియు ఉన్నట్లే వరుసకర్తకును ఉండును. వ్యాఖ్యను మూలముగా భ్రమించుట పరిశోధకునకు ఎట్లు తగదో, వరుసను కవి హృదయముగా భ్రమించుటయు అట్లే తగదు. ఈ సత్యము మన సంప్రదాయమున కొంత మరుగుపడియున్నది. త్యాగరాజు, క్షేత్రయ్య మున్నగు వాగ్గేయకారుల రచనలలో మాటయు వరుసయు ఒకే నోట పుట్టినవను భావన మనకు అలవాటగుటయే అందులకు కారణము. మాట ఒకరిది, వరుస వేరొకరిది అయి, ఆ ఎడము స్పష్టముగా కనబడు వాఙ్మయమును చూచినచో విషయము తేటపడును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలో వెలసిన నవ్యగీతములు అట్టివి.

కంఠమునకును పియానోకును కలిపి వ్రాయబడిన ఈ గీతములను ఇచట కావ్యగీతములని పిలుతము. వీనియందు సంగీతకర్త ముందుగనే అచ్చయియున్న ఒక కవితను ఎన్నుకొనును. గాయకుడు పాడవలసిన ప్రతి స్వరమును, పియానో పలుకవలసిన ప్రతి స్వరమును వ్రాసి ఉంచును. మనోధర్మమునకు మనవలె తావు లేదు. పియానో పాటకు ప్రక్కవాద్యము మాత్రమే కాదు. గాయకుడు నోరు విప్పకముందే అది ఒక వాతావరణమును కల్పించును. గాయకుడు ముగించిన పిమ్మట తుది మాట తానే చెప్పును. నడుమ గాయకుడు అన్నదానికి అవుననియు, కాదనియు పలుకును. అందుచేతనే అది వ్యాఖ్యానమనుట.

ఇంత దూరదేశపు సంగీతమును తెలుగు శాఖ పత్రికలో చర్చించుటకు మాకొక ఆధారమున్నది. రవీంద్రనాథ ఠాకూరుని కవితలు ఆరేండ్ల ఎడములో రెండు చోట్ల రెండు విధములుగా పాశ్చాత్యసంగీతపు చేతులలో పడినవి. ఒకటి 1913లో అమెరికాలోని షికాగోలో. రెండవది 1919లో మన మదనపల్లెలో. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచుట మా మొదటి పని.

షికాగో సంగతి మొదట చూతము. 1912లో లండనులోని ఇండియా సొసైటీ ఆంగ్ల గీతాంజలిని ప్రకటించినది. అందు 103 ఖండికలు కలవు. అదే సంవత్సరము డిసెంబరు నెలలో షికాగోనుండి హేరియట్ మన్రో వెలువరించుచుండిన 'పొయిట్రీ' పత్రిక అందలి ఆరింటిని అచ్చువేసినది. అప్పటికి కవి ఇల్లినాయి రాష్ట్రమున అర్బానాలో ఉండెను. మరుసటి సంవత్సరమే జాన్ ఆల్డెన్ కార్పెంటరు (1876–1951) ఆంగ్ల గీతాంజలినుండి ఆరు ఖండికలను ఎన్నుకొని, కంఠమునకును పియానోకును 'గీతాంజలి' అను పేరుతోనే గీతమాల కూర్చెను. కార్పెంటరు వృత్తిచే వర్తకుడు, హార్వర్డులో సంగీతము చదివినవాడు. ఓడల సామగ్రి అమ్ము కుటుంబవ్యాపారమును చూచుకొనుచునే సంగీతరచన సాగించెను.

అతడు ఎన్నుకొన్న ఆరు ఖండికలు ఏవియో గమనింపవలెను. ఆంగ్ల గీతాంజలిలో అవి 57, 60, 61, 62, 80, 90 సంఖ్యలవి. వీనిలో 60, 61, 62 బాల్యమునకు సంబంధించినవి. వంగభాషలో 'శిశు' అను సంపుటిలోనివి. అవి మూలమున పాటలు కావు, ఛందోబద్ధములైన పద్యములు. 57వది, వెలుగును సంబోధించు ఖండిక, మూలమున పాట, 'అచలాయతన' నాటకములోనిది, దానికి రవీంద్రుడే వరుస కట్టియుండెను. కార్పెంటరు ముందున్నది ఆంగ్లవచనము మాత్రమే. అందు పద్యమైనదియు పాటయైనదియు ఒకే విధముగ వచనమై నిలిచినవి. వంగభాషలో ఏది పాడబడుచుండెనో, ఏది చదువబడుచుండెనో చెప్పు గుర్తు ఆంగ్లమున లేదు.

ఇచట రెండు విచిత్రములు జరిగినవి. 'శిశు' ఖండికల విషయమున పద్యము వచనమై, ఆ వచనము పాటయైనది. 57వ ఖండిక విషయమున పాట వచనమై, ఆ వచనము వేరొక పాటయైనది. మొదటిదానిలో కార్పెంటరు లేనిదానిని కలిపెను. రెండవదానిలో ఉన్నదాని స్థానమున, అది ఉన్నదని ఎరుగకయే, వేరొకదానిని నిలిపెను. ఫలితములును అట్లే ఉన్నవి. పసిపాప కన్నులపై వాలు నిద్ర ఎచటినుండి వచ్చునను ప్రశ్నతో మొదలగు 61వ ఖండికను అతడు మెల్లని నడకతో, జోలపాట ఛాయలో కూర్చెను. ప్రశ్నకును జవాబునకును నడుమ పియానో కల్పించు నిశ్శబ్దప్రాయమైన తావు ఆ కవితకు సహజమైనది. చదువునపుడు మనము తొందరగా దాటిపోవు ఆ సందు పాటలో మనలను ఆపును. ఇది మంచి వ్యాఖ్య. వెలుగు ఖండికయందు మాత్రము పియానో నిండుధ్వనితో విజృంభించి ఘనమైన ముగింపునకు పరువెత్తును. వంగదేశమున బృందముగా పాడుకొను ఉల్లాసగీతము షికాగోలో సభామందిరపు ఉద్ఘోషయైనది. శబ్దము పెరిగినది, ఆట తరిగినది. ఇది మూలమునకు దూరమైన వ్యాఖ్య.

అయినను కార్పెంటరును నిందించుటతో విమర్శకుని పని తీరదు. అతడు ఛందస్సు లేని వచనమును పాడించుటకు పూనుకొనెను. ఆంగ్ల గీతాంజలి వచనమున అంత్యప్రాస లేదు, గణము లేదు. కాని సమాంతరవాక్యములు కలవు. 62వ ఖండికలో బిడ్డకు రంగుబొమ్మలు ఇచ్చునపుడు, బిడ్డను ఆడించునపుడు, బిడ్డ చేతికి తీపి అందించునపుడు లోకరహస్యము ఒక్కొక్కటి బోధపడునను వాక్యములు ఒకే అచ్చులో పోసినట్లుండును. వాక్యనిర్మాణమే అచట ఛందస్సు చేయు పనిని చేయుచున్నది. సంగీతకర్తకు పట్టుకొమ్మ అదియే. ఫ్రాన్సు దేశపు డెబుస్సీ నాదవర్ణముల ఛాయలు ఈ గీతములలో కలవు. తీపి కొంత ఎక్కువయే. కాని వచనమును పాడవచ్చునను ధైర్యము తరువాతి అమెరికా గీతమునకు ముఖ్యలక్షణమైనది. ఆ లక్షణమును మరల చూతము.

ఇక మదనపల్లె. ఆనీబిసెంటు 1915లో స్థాపించిన థియసాఫికల్ కళాశాలకు రవీంద్రుడు 1919 ఫిబ్రవరిలో వచ్చెను. నాటి ప్రధానాచార్యుడు ఐర్లండు కవి జేమ్స్ కజిన్సు. ఆయన భార్య మార్గరెట్ (1878–1954) డబ్లినులో సంగీతము నభ్యసించి, 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయమున సంగీతపట్టము పొందిన విదుషి. కవి అచట విద్యార్థుల ఎదుట 'జనగణమన' పాడెను. విద్యార్థులు పల్లవి అందుకొనిరి. ఫిబ్రవరి 28వ తేదీతో ఆయన ఆ గీతమును ఆంగ్లవచనముగా వ్రాసి ఇచ్చెను. దానికి భారత ప్రభాతగీతమను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ వరుసను పాశ్చాత్యస్వరలిపిలో నిలుపుటలో మార్గరెట్ పాత్ర ప్రసిద్ధమే.

ఈ ప్రసిద్ధి ఒక్కొక్కప్పుడు హద్దు మీరి, జాతీయగీతమునకు వరుస మదనపల్లెలోనే పుట్టినదను రూపము దాల్చుచున్నది. సభలలోను, స్థానికచరిత్రలలోను ఈ మాట వినబడును. ఊరిమీది అభిమానము మెచ్చదగినదే. కాని పరిశోధకుడు తేదీలను చూడవలెను. ఆ గీతము 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభలో పాడబడినది. పాడబడిన గీతమునకు ఏడేండ్లకు పైగా వరుస లేకుండెననుట పొసగదు. కావున మదనపల్లెలో పుట్టినది వరుస కాదు, ఆంగ్లానువాదము. మార్గరెట్ పని గాలిలోని వరుసను కాగితముపై నిలుపుట. ఈ పని చిన్నదని మేము అనుట లేదు. 1950 జనవరి 24న ఆ గీతపు మొదటి చరణము జాతీయగీతముగా స్వీకరింపబడిన పిమ్మట, దేశమంతటను దానిని సుమారు 52 సెకండ్లలో ఒకే విధముగా పాడుచున్నారు. ఇందరు ఒకే విధముగా పాడవలెనన్నచో వరుస లిఖితమై ఉండవలెను. చేసిన పనికి చేయని పని పేరు పెట్టినచో చేసిన పనికే గౌరవము తగ్గును.

ఈ రెండు నిదర్శనములను ఇప్పుడు జోడింతము. షికాగోలో మాట భాషాంతరమై నిలిచినది, వరుస క్రొత్తగా పుట్టినది. మదనపల్లెలో వరుస నిలిచినది, మాట భాషాంతరమైనది. షికాగోలో పియానో కవి మాటకు తన అర్థము చెప్పినది. మదనపల్లెలో పాశ్చాత్యవిద్య కవి కంఠమునకు లేఖకవృత్తి చేసినది. కార్పెంటరు వ్యాఖ్యాత, మార్గరెట్ వ్రాయసకత్తె. ఆమెకు వ్యాఖ్యానశక్తి లేక కాదు. ప్రాక్పశ్చిమ సంగీతముల గూర్చి 1935లో గ్రంథమే ప్రకటించిన విదుషి ఆమె. ఎదుట కవియే పాడుచుండగా వినువానికి కలుగు వినయమును, కవి అచ్చుపుస్తకములో మాత్రమే ఉండగా చదువువానికి కలుగు స్వేచ్ఛయు వేరువేరు. ఈ భేదమును గుర్తించినచో గేయపరిశోధనకు మొదటి ప్రశ్న దొరకును: వరుసకర్త ఎదుట ఉన్నది కంఠమా, కాగితమా?

ఈ ప్రశ్నతో మదనపల్లె చుట్టుపట్ల పల్లెలను చూచినను ఫలము కలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లకడ భారతోత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. పదునెనిమిది దినముల ఆచారము ప్రసిద్ధము. తుదకు దుర్యోధనవధ, నిప్పులగుండము. కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. అచటి శ్రోతలలో తెలుగు, తమిళము, కన్నడము ఎరిగినవారు కలరు. ఈ ప్రదర్శనములలో హార్మోనియము కూడ పియానోవలె పడమటినుండి వచ్చిన మెట్లవాద్యమే. కాని అది చేయు పని వేరు. శ్రుతినిచ్చును, పాటగాని వెంట నడచును, ఆతడు శ్వాస తీసికొనునపుడు ఆ పంక్తిని తిరిగి పలికి చోటు నింపును. అది పాటగానితో ఎన్నడును విభేదింపదు. ప్రతిధ్వనియే దాని ధర్మము. కావ్యగీతమునందలి పియానో ధర్మము ప్రతివచనము. ఒకే జాతి వాద్యము రెండు సంస్కృతులలో ఇట్లు రెండు ధర్మములు పొందుట గమనింపదగినది. మన హార్మోనియము తక్కువయనియు, వారి పియానో ఎక్కువయనియు దీని తాత్పర్యము కాదు. మన ప్రదర్శనలో వ్యాఖ్యానభారమును వాద్యము మోయదు. నటుని వచనము మోయును. దరువు పాడిన పిమ్మట నటుడు ఆ దరువు అర్థమునే వచనముగా విస్తరించి చెప్పును. అమెరికా గీతమున పియానో చేయుదానిని మన వీథినాటకమున వచనము చేయుచున్నది.

ప్రతివచనమను మాటకు బలమైన ఉదాహరణములు కార్పెంటరు తరువాతివారిలో దొరకును. చార్లెస్ ఐవ్స్ (1874–1954) భీమావ్యాపారి. 1922లో తన 114 పాటలను సొంత ఖర్చుతో అచ్చువేసి ఉచితముగా పంచిపెట్టెను. అందు బోనులోని చిరుతపులిని గూర్చిన చిన్నపాట ఒకటి కలదు. మాటలును ఆతనివే, వచనమునకు దగ్గరగా ఉండును. మృగము బోనులో అటునిటు తిరుగును. చూచుచున్న బాలునకు బ్రతుకు కూడ ఇట్టిదేనా అను సందేహము కలుగును. ఇంతే విషయము. కంఠము ఇంచుమించు సమానమైన స్వరములతో, సమానమైన అంతరములతో, ఎత్తుపల్లములకు కారణము లేనట్లుగా నడచును. పియానో నాలుగేసి మెట్ల ఎడముతో పేర్చిన స్వరగుచ్ఛములను తన దారిలో తాను మోగించును. రెండును కలిసినట్లే ఉండి కలియవు. జంతువు నడక ఒకటి, ఇనుపచువ్వలు ఒకటి. మాటలలో బోను ఒక పదము మాత్రమే. పాటలో అది వినబడును. ఇది అలంకారము కాదు, అర్థనిర్ణయము. బాలుని ప్రశ్నకు పియానో సమాధానము చెప్పక చెప్పినది.

రూత్ క్రాఫోర్డు (1901–1953) షికాగోలో చదివి, 1929లో కార్ల్ శాండ్‌బర్గు కవితలు ఐదింటికి కంఠ పియానో గీతములు వ్రాసెను. ఆమె పియానో గురువు దివ్యజ్ఞానసమాజపు భావములు కల విదుషి. అడయారునందును, మదనపల్లెయందును వ్యాపించిన ఆలోచనలు ఆ కాలమున షికాగో సంగీతజ్ఞుల ఇండ్లలోను వినబడుచుండెననుటకు ఇది సాక్ష్యము. ఈ సామ్యమునుండి ప్రభావమును నిర్ణయించుట తొందరపాటగును. సామ్యమును సామ్యముగనే చెప్పుచున్నాము. శాండ్‌బర్గు స్వేచ్ఛాకవిత వ్రాసినవాడు. ప్రాసలేని పంక్తి ఎచట విరుగునో అది ఆతని ఛందస్సు. క్రాఫోర్డు ఆ విరుపులను పూడ్చి నునుపు చేయలేదు. పియానోలో వివాదిస్వరములకు వెరువలేదు. గరుకైన మాటను గరుకుగనే ఉండనిచ్చుట ఆమె వ్యాఖ్య.

ఆరన్ కోప్లాండు (1900–1990) 1949–50లో ఎమిలీ డికిన్సను కవితలు పండ్రెండింటిని గీతమాలగా కూర్చెను. డికిన్సను చరణములు క్రైస్తవ ప్రార్థనాగీతముల నాలుగుపాదముల నడకలో ఉండును. ఆ నడకకు లోబడినచో ప్రతి పాటయు దేవాలయగీతమై పోయెడిది. కోప్లాండు కంఠమును విశాలమైన అంతరములతో దూకించి, ఆ నడకను విరిచి, దాని క్రింద దాగిన అలజడిని బయటపెట్టెను. పాఠపరిష్కారమున శ్రద్ధగల మన విద్యార్థులకు ఇచట వేరొక సంగతి ముఖ్యము. డికిన్సను కవితలను 1890లో మొదట ప్రకటించిన సంపాదకులు విరామచిహ్నములను, కొన్నియెడల మాటలనుకూడ మార్చిరి. వ్రాతప్రతులను పరిశోధించిన జాన్సను సంపుటములు వచ్చినది 1955లో. కోప్లాండు చేతనున్నవి అంతకు ముందరి పాఠములు. పరిష్కృతపాఠము వచ్చిన పిమ్మటను పాట పాతపాఠమునే పాడుచున్నది. పుస్తకమును సవరింపవచ్చును, వరుస కట్టిన మాటను సవరించుట కష్టము. ఒక అక్షరము పెరిగినను, తరిగినను స్వరము ఒప్పదు. కావున పాట కేవలము వ్యాఖ్యానమే కాదు, పాఠభేదమునకు భాండాగారము కూడ.

ఈ మాట అన్నంతనే తిరుపతి గుర్తుకు రాకమానదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై నిలిచినవి. రేకులలో మాటలు కలవు, రాగముల పేర్లు కలవు, స్వరములు లేవు. నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కింటిని ఇరువదవ శతాబ్ది విద్వాంసులు కూర్చిరి. అందు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి (1893–1979) పేరు మొదట చెప్పదగినది. ఆయన సంగీతసాహిత్యములు రెండింట ప్రామాణికుడగుటచే ఆ వరుసలకు గౌరవము కలిగినది. అయినను అవి అన్నమాచార్యుల వరుసలు కావు. అన్నమాచార్యులపై రాళ్లపల్లివారి వ్యాఖ్యలు. వారి తరువాత ఎందరో చేసిన వరుసలును వారివారి వ్యాఖ్యలే. పరిశోధనవ్యాసములలో కొందరు ఒక కీర్తనయందలి భావమును నిరూపించుటకు దాని 'కరుణమైన వరుస'ను సాక్ష్యముగా చూపుదురు. ఐదువందల యేండ్ల పిమ్మట వచ్చిన వ్యాఖ్యాతను కవికి సాక్షిగా నిలుపుట ఎట్లు చెల్లును? అన్నమాచార్యుల వరుసకర్త ఎదుట ఉన్నది కంఠము కాదు, రేకు. ఈ విషయమున తిరుపతి విద్వాంసుడు షికాగో వర్తకునకు దగ్గర. మదనపల్లె విదుషికి దూరము. అయితే ఒక భేదము కలదు. షికాగో వర్తకునకు రాగము పేరైనను లేదు. తిరుపతి విద్వాంసునకు అది కలదు, ఆ రాగము వెనుక సంప్రదాయము కలదు. స్వేచ్ఛకు ఆ మేరకు హద్దును కలదు.

ఇచట ఒక ఆక్షేపణమునకు సమాధానము చెప్పవలసియున్నది. రాగసంగీతమున స్వరసమ్మేళనమునకు చోటు లేదు కదా, వచనమును పాడుట మన రీతి కాదు కదా, ఈ పోలిక మనకెందులకు అని అడుగవచ్చును. మొదటి భాగమును మేము అంగీకరింతుము. రాగమునకు స్వరగుచ్ఛములు తగిలించుడని ఎవరికిని సలహా ఇచ్చుట లేదు. ఆ కష్టమును అమెరికావారే గ్రహించిరి. హెన్రీ కోవెల్ 1931–32లో బెర్లినులో పి. సాంబమూర్తిగారికడ కర్ణాటకసంగీతశాస్త్రము నేర్చెను. కార్పెంటరు కాలమున భారతదేశము ఒక ఆంగ్లవచనము. కోవెల్ కాలమునకు అది ఒక శాస్త్రము, ఒక గురువు.

రెండవ భాగమును మాత్రము అంగీకరింపజాలము. వచనమును పాడుట మనకు క్రొత్త కాదు. కృష్ణమాచార్యుల సింహగిరివచనములు కలవు. తాళ్లపాక పెదతిరుమలాచార్యుల వేంకటేశ్వరవచనములు కలవు. తాళ్లపాకవారి సంకీర్తనలక్షణమున తాళగంధి చూర్ణికయను మాట కలదు. తాళము లేదు, తాళపు వాసన కలదు. ఇంత చిన్నమాటలో ఇంత పెద్ద విషయమును చెప్పిన లాక్షణికుని మెచ్చుకొనవలెను. ఆంగ్ల గీతాంజలి వచనములో కార్పెంటరు పట్టుకొన్నది తాళగంధమునే. చిరుతపులి పాటలో ఐవ్స్ వినినదియు, శాండ్‌బర్గు పంక్తుల విరుపులో క్రాఫోర్డు వినినదియు తాళగంధమునే. మనకు పరిభాష కలదు, లక్ష్యములు కలవు. ఆ పరిభాషతో నేటి వచనకవితను పరీక్షించు అలవాటు మాత్రము లేదు. చలము గీతాంజలిని తెలుగువచనము చేసెను. ఆ వచనమునందలి తాళగంధమును కొలిచి, ఆంగ్లముతోను వంగమూలముతోను పోల్చినచో ఒక పరిశోధనగ్రంథమునకు చాలినంత సామగ్రి దొరకును.

ఆధునికాంధ్రమున కావ్యగీతమునకు సాటియైనది లేకపోలేదు. 1938లో మద్రాసు ఆకాశవాణి ప్రసారములు మొదలైన పిమ్మట లలితసంగీతమను శాఖ పెరిగినది. అందు కవి ఒకడు, వరుసకర్త వేరొకడు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) రెండు పనులును చేయగలిగి, వాగ్గేయకారచరిత్రము కూడ వ్రాసిరి. గురజాడ దేశభక్తిగేయమును, శంకరంబాడి సుందరాచారి తెలుగుతల్లి గేయమును టంగుటూరి సూర్యకుమారి (1925–2005) కంఠమున లోకము వినినది. ఆమెయే 1961లో న్యూయార్కు రంగస్థలముపై రవీంద్రుని 'చీకటిగది రాజు' నాటకమున నటించెను. గురజాడ ముత్యాలసరమును కన్నుతో చదివినవానికి అది ఒక ఉపదేశము. ఆ కంఠమున వినినవానికి అది ఒక ఆహ్వానము. ఈ రెంటిలో గురజాడ ఉద్దేశించినది ఏది అనుటకు ముందు, ఆ భేదమును కల్పించినది ఏ స్వరము, ఏ విరామము అని చెప్పగలుగుట విమర్శకుని విధి. ఆ గేయమునకు వరుస కట్టినవారి పేరు మన పాఠ్యగ్రంథములలో ఎన్నింట కనబడును?

ఇంతవరకు చెప్పినదానినుండి పరిశోధకులకు ఉపయోగపడు నియమములు మూడు తేలుచున్నవి. గేయమును ఉదాహరించునపుడు అది పఠితమా, గీతమా చెప్పవలెను. గీతమైనచో వరుసకర్త పేరును, కాలమును కవి పేరుతోపాటు చెప్పవలెను. ఇది మొదటిది. వరుసకర్త ఎదుట కంఠము ఉండెనో, కాగితము ఉండెనో విచారింపవలెను. దానినిబట్టి అతడు లేఖకుడో వ్యాఖ్యాతయో తేలును. ఇది రెండవది. వరుసయందు నిలిచిన పాఠమును అచ్చుపాఠముతో సరిచూడవలెను. భేదము కనబడినచో పాటను తప్పుపట్టుటకు తొందరపడక, అది ఏ ప్రతినుండి వచ్చినదో వెదకవలెను. ఇది మూడవది.

ఈ నియమములను ప్రయోగించుటకు దూరము పోనక్కరలేదు. ద్రావిడభాషల తులనాత్మకాధ్యయనమునకై 1997లో కుప్పమున విశ్వవిద్యాలయము వెలసినది. ఆ చుట్టుపట్లనే ఒకే భారతఘట్టము తెలుగున ఒక విధముగను, తమిళమున వేరొక విధముగను ఆడబడుచున్నది. ద్రౌపదీవస్త్రాపహరణమున తెలుగునటుని దరువునకును వచనమునకును ఉన్న సంబంధము, తమిళనటుని పాటకును మాటకును ఉన్న సంబంధముతో సమానమా? పుంగనూరు పల్లెలలో హరిదాసు పగలు చెప్పిన వ్యాఖ్య, రాత్రి నటుడు చెప్పు వచనములో ఎంతవరకు చొచ్చుచున్నది? ఈ ప్రశ్నలకు గ్రంథాలయమున సమాధానము లేదు. పాడువారు వృద్ధులగుచున్నారు. పదునెనిమిది రాత్రులు కూర్చుండి వినగలిగిన శ్రోతలును తగ్గుచున్నారు. మార్గరెట్ కజిన్సు 1919లో చేసిన పని, ఎదుట పాడుచున్న కంఠమును వినయముతో విని కాగితముపై నిలుపుట, ఇచట ఇంకను మిగిలియున్నది. ఆ పని ముందు కావలెను. వ్యాఖ్యానము చేయుటకు కార్పెంటరులు ఎప్పుడైనను వత్తురు. వారికి వ్యాఖ్యానించుటకు మూలము మిగిలియుండవలెను కదా.